ఏడు ప్రశ్నల కిటికీ

ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా
మార్చి 3, సోమవారం

ఒరే పొట్టీ,

ఆరడుగులు పెరిగినా నువ్వు నాకు పొట్టివే. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. పోస్టాఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఊరందరి ఉత్తరాలూ వేరు చేస్తున్నదాన్ని, నాకంటూ ఒకటి రాసుకోకూడదా? అసలు సంగతి వేరులే. గదిలో మాట్లాడితే మీ బావ వింటారు. వరండాలోకి వస్తే బల్ల మీద కూర్చున్న వాళ్ళంతా వింటారు. కాగితం మీదయితే ఏడ్చినా చప్పుడుండదు.

మీ బావకి మళ్ళీ జ్వరం. మెడ దగ్గర పెట్టిన గొట్టం చుట్టూ చీము పట్టిందని దాన్ని తీసి రెండో వైపు పెట్టారు. వారానికి మూడు రోజులు డయాలిసిస్. నాలుగు గంటలయ్యాక యంత్రం దగ్గర్నుంచి తీసుకొస్తే మనిషి పిండేసిన బట్టలా ఉంటారు. అయినా వడ్రంగి చేతులు ఊరుకోవు కదా. నిన్న నా కుర్చీ కిర్రుమంటోందని పడుకునే దాని కాలు పట్టుకుని చూశారు. "మేకు కొట్టినవాడికి పని రాదు" అని తీర్పు చెప్పి, అట్టముక్క మడిచి దోపారు. అంతకే ఆయాసపడ్డారు.

పెద్ద డాక్టరమ్మ శుక్రవారం నన్ను పక్కకి పిలిచింది. "గొట్టం పెట్టడానికి ఇంక ఎక్కువ చోట్లు మిగల్లేదమ్మా. ఈ రెండు మూడు నెలల్లో కిడ్నీ దొరికితే బాగుంటుంది" అంది. దొరక్కపోతే అని నేనడగలేదు. ఆవిడా చెప్పలేదు. నాదీ నీదీ పనికిరావని పరీక్షలు ఎప్పుడో తేల్చేశాయి. ఇంక చనిపోయినవాళ్ళ కిడ్నీల కోసం పేరు రాయించుకున్న ఆ లిస్టే మనకి దిక్కు.

పోయిన వారం మన గ్రూపు కిడ్నీ ఒకటి వచ్చింది. పై అంతస్తులో, మనకంటే ఎంతో తర్వాత పేరు రాయించుకున్న ఒకాయనకి వెళ్ళింది. నాకు కడుపు రగిలిపోయింది. మీ బావ మాత్రం "వాళ్ళింట్లో ఈ పూట అన్నం సయిస్తుందిలే, పోనీ" అన్నారు. నెల రోజులుగా మాకు ఎవరూ ఫోను చెయ్యలేదు. ఇదివరకు కనీసం రక్తపరీక్షకయినా పిలిచేవారు.

నేను మాత్రం ఒక్క సోమవారం కూడా తప్పలేదురా. పొద్దున్నే ఫోనులో ఆ లిస్టు పేజీ తెరిచి, మన నంబరు కొట్టి "ఇంకా ఎదురుచూస్తున్నాం" అన్న బొత్తాం నొక్కుతాను. ఇదివరకు వేరే కిటికీ ఒకటి తెరుచుకుని ఏడు ప్రశ్నలు అడిగేది. జ్వరముందా, రక్తం ఎక్కించారా, పిలిస్తే రెండు గంటల్లో రాగలరా అంటూ ప్రాణం తీసేది. ఆ పేజీ నువ్వు కొత్తగా చేశాక ఆ పీడ వదిలింది. ఇక్కడ నెట్ నత్తనడక కదా, కాసేపు గిరగిరా తిరిగి "ధన్యవాదాలు, మీ వివరాలు అందాయి" అంటుంది. అంతే.

ఇది చేసింది మా తమ్ముడేనని బల్ల మీద అందరికీ చెప్పేశాను. ఇప్పుడు నా ఫోనులోనే మొత్తం ఆరుగురికి నొక్కుతున్నాను. బస్సు డ్రైవరుగారికి చూపు ఆనదు. దర్జీగారి భార్యకి ఫోనంటే భయం. డ్రైవరుగారయితే "మీ తమ్ముడి చెయ్యి చల్లన" అని దీవించారు.

నీకు ఆ లిస్టు ఆఫీసులో తెలిసినవాళ్ళుంటారు కదా. మన పేరు ఎక్కడుందో ఒకసారి కనుక్కో. ముందుకి నెట్టమని అడగను. ఉందో లేదో చూడు, చాలు.

మీ అక్క

*

ఆఫీసు, కిటికీ పక్క బల్ల
మార్చి 7, శుక్రవారం

అక్కా,

ఉత్తరం నిన్న అందింది. మధ్యాహ్నం ఫోను చేసినప్పుడు నీ పక్కన నర్సు ఉందన్నావు, అందుకే పొడిపొడిగా మాట్లాడాను. చెప్పిందే మళ్ళీ రాస్తున్నాను, మరిచిపోకు.

ఈ సోమవారం ఆ పేజీ మీద ఆధారపడకు. అందులో చిన్న మరమ్మతు చేశాం, సరిగ్గా కుదురుకున్నదీ లేనిదీ చూడాలి. నువ్వే కింద ఉన్న లిస్టు ఆఫీసు కౌంటరుకి వెళ్ళి చేత్తో రాయించు. బావ పేరు సంగతి నేను వాళ్ళతో మాట్లాడాను. నువ్వు నొక్కిపెడుతున్న మిగతా ఐదుగురినీ కూడా కౌంటరుకి తీసుకెళ్ళు. డ్రైవరుగారిని ముందు తీసుకెళ్ళు.

నాకు కొన్ని విషయాలు కావాలి. జాగ్రత్తగా గుర్తు తెచ్చుకుని రాయి. ఏడు ప్రశ్నల కిటికీ నీకు ఆఖరిసారి ఎప్పుడు కనిపించింది? బొత్తాం నొక్కాక ధన్యవాదాలు రావడానికి ఎంతసేపు పట్టేది? పైన, అడ్రసు ఉండే చోట, చిన్న గుర్తు ఏదైనా వెలిగేదా? వేరేవాళ్ళ ఫోనులో ఎప్పుడైనా నొక్కి చూశావా?

ఎందుకని అడగకు. లెక్క కోసం.

నేను బాగానే ఉన్నాను. పని ఎక్కువగా ఉంది. బావని అడిగానని చెప్పు.

పొట్టి

*

ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా
మార్చి 12, బుధవారం

పొట్టీ,

నువ్వు రెండు పేజీలకి తక్కువ ఉత్తరం ఎప్పుడూ రాయవు. బావ మీద ఒక్క జోకైనా లేకుండా అసలు రాయవు. "లెక్క కోసం" అంటావా? నాకు నీళ్ళు నమిలేవాళ్ళు పోస్టాఫీసు కౌంటరులో రోజుకి వందమంది కనిపిస్తారు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. ఏడు ప్రశ్నల కిటికీ జనవరి మధ్యలో ఆఖరిసారి చూశాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ధన్యవాదాలు రావడానికి పది అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టేది. పైన మూలన ఏదో చిన్న పెట్టె బొమ్మ, దాని మీద అడ్డగీత. అది అలంకారమనుకున్నాను. దర్జీగారి భార్య ఫోనులోనూ అంతే.

డ్రైవరుగారిని కౌంటరుకి తీసుకెళ్ళలేదు. ఆయన పోయిన గురువారమే పోయారు. నువ్వు ఫోను చేసేనాటికే అయిపోయింది. నీ గొంతు అదోలా ఉంటే చెప్పబుద్ధి కాలేదు. డయాలిసిస్ సగంలో ఉండగా గుండె ఆగిపోయింది. తెర లాగేశారు. ఇవతల బల్ల మీద ఆయన భార్య, ఆయన చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. యంత్రం ఎక్కేముందు ఎప్పుడూ ఆవిడకే ఇస్తారు. తెర లాగిన సంగతి ఆవిడకి అర్థమయింది కానీ, "కాళ్ళు చల్లబడతాయి, చెప్పులు ఇస్తారా" అని నర్సునడిగింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఇక కౌంటరు సంగతి. అక్కడున్నామె మీ బావ పేరు కొట్టి చూసి, "ఇది పాత స్థానంలోనే ఉంది, శుక్రవారం సరిచేశారు" అంది. తర్వాత దర్జీగారి పేరు కొట్టింది. కాసేపు స్క్రీను చూసి, "వీరిని ఫిబ్రవరి మూడు నుంచి పక్కన పెట్టారు. మూడు వారాలు జవాబు లేదు. ఈ రోజు తేదీతో కొత్తగా ఎక్కిస్తాను" అంది.

"జవాబు లేకపోవడమేమిటి? నేనే నొక్కాను" అన్నాను.

"మా దగ్గరకి ఏమీ రాలేదమ్మా."

మిగిలిన ముగ్గురిదీ అదే తంతు. రెండున్నరేళ్ళుగా ఎదురుచూస్తున్న దర్జీగారు లిస్టులో ఈ వారం పుట్టారు. ఆయన భార్య నావైపు చూసింది. కొత్త తేదీ రాసిన చీటీ కొంగున ముడేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి మూడు నుంచి మీ బావ కూడా పక్కనే ఉన్నారా? సరిచేశారు అంటే ముందు చెడిందనేగా. ఎవరు చెడగొట్టారు? నువ్వు ఎవరితో మాట్లాడావు? మా ఒక్కళ్ళనే ఎందుకు సరిచేశారు?

నాకు నిజం రాయి. నాలుగు నెలలుగా ఈ బల్ల మీద కూర్చుంటున్నాను, తట్టుకోగలను.

అక్క

*

నా గది
మార్చి 16, ఆదివారం

అక్కా,

చెడగొట్టింది నేనే.

ఈ ఒక్క మాట రాయడానికి పొద్దుటి నుంచి ఆరు కాగితాలు చించాను. మిగతాది వరసగా చెబుతాను, మధ్యలో ఆపకుండా చదువు.

పాత పేజీలో బొత్తాం నొక్కగానే ప్రశ్నల కిటికీ నేరుగా తెరుచుకునేది. చాలామంది నంబరు తప్పు కొడుతున్నారని, ముందు నంబరు సరిచూసి తర్వాత కిటికీ తెరిచేలా మార్చమన్నారు. ఆ పేజీని నడిపించే స్క్రిప్ట్ నేనే రాశాను. నువ్వు నొక్కగానే నంబరు సర్వరుకి వెళుతుంది. సరే అని జవాబు రాగానే నా స్క్రిప్ట్ కొత్త విండో తెరవమని బ్రౌజరుకి చెబుతుంది. జనవరి ఇరవై, సోమవారం నాడు పెట్టాం.

బ్రౌజరుకి ఒక నియమం ఉంది. మనిషి వేలితో నొక్కిన వెంటనే అడిగితేనే కొత్త విండో తెరుస్తుంది. ఆలస్యంగా అడిగితే, ఇది మనిషి కోరింది కాదు, ఏదో ప్రకటన చొరబడుతోంది అనుకుని ఆపేస్తుంది. ఆఫీసులో సర్వరు జవాబు రెప్పపాటులో వస్తుంది, కాబట్టి తెరుచుకునేది. మీ వరండాలో పది అంకెలు లెక్కపెట్టేంత సేపు పట్టింది. అప్పటికి నీ వేలు నొక్కిన సంగతి బ్రౌజరు మరిచిపోయింది. నువ్వు అలంకారమనుకున్న ఆ అడ్డగీత బొమ్మ, కిటికీని ఆపేశానని అది చెప్పే మాట.

ఇది తెలియక చేశానని చెప్పుకోవాలని ఉంది. కానీ తెలుసు. పేజీ రాస్తున్న మొదటి రోజుల్లో ఒకసారి నా బ్రౌజరులో కూడా ఆ బొమ్మ వెలిగింది. పని ఆగుతోందని విసుగొచ్చి, "ఈ సైటుకి ఎప్పుడూ అనుమతించు" అని నొక్కేశాను. ఆ తర్వాత నా దగ్గర ఎన్నిసార్లు చూసినా తెరుచుకుంది. విండో తెరవమని అడిగినప్పుడు, తెరిచిందో లేదో బ్రౌజరు మనకి చెబుతుంది కూడా. అది చూసుకోవడానికి ఒక్క లైను చాలు. నేను రాయలేదు. తెరుచుకునే ఉంటుందన్న ధీమాతో, కింది లైనులోనే ధన్యవాదాలు పెట్టేశాను.

మూడు సోమవారాలు ప్రశ్నలకి జవాబు రాకపోతే పేరు పక్కన పెడతారు. పెట్టామన్న హెచ్చరిక కూడా ఆ కిటికీలోనే వస్తుంది. అది తెరుచుకోనే లేదు. నెట్ బాగున్నవాళ్ళకి ఏమీ కాలేదు. మీలాంటి చోట్ల కూర్చున్నవాళ్ళు నలభై ముగ్గురు లిస్టులోంచి జారిపోయారు. ఒక్కరికీ తెలియదు.

నీ మొదటి ఉత్తరంలో "ఆ పీడ వదిలింది" అన్న వాక్యం దగ్గర చదవడం ఆపి ఆ పేజీ తెరిచాను. గంటలో అంతా చూసేశాను. సాయంత్రానికల్లా స్క్రిప్ట్ సరిచేశాను. మర్నాడు లిస్టు ఆఫీసుకి ఫోను చేసి బావ నంబరు చెప్పాను. ఈయన ప్రతివారం నొక్కారు, తప్పు పేజీదని రుజువు పంపాను. ఒక్క బావదే పంపాను. అప్పుడు నాకు ఇంకెవరూ గుర్తురాలేదు. గుర్తురాలేదని రాయడం కూడా అబద్ధమే. గుర్తొచ్చారు, ముందు బావది కానీ అనుకున్నాను.

ఇంకొకటి ఉంది. నీ కడుపు రగిలిపోయిందన్న ఆ కిడ్నీ బావది కాదక్కా. ఆ రోజు నాటికి ఆ గ్రూపులో మొదటి పేరు డ్రైవరుగారిది. పక్కన పెట్టి ఉండటంతో ఆయన్ని దాటించి పిలిచారు. వారం తిరిగేలోపు ఆయన పోయారు. నీ ఉత్తరంలో ఆ చెప్పుల సంగతి చదివాక లేచి నేరుగా మేనేజరు గదికి నడిచాను.

మా మేనేజరుకి అంతా చెప్పాను. "కొద్ది రోజులు అంతరాయం కలిగింది, చింతిస్తున్నాం అని రాద్దాం. కౌంటరులో మళ్ళీ ఎక్కించుకుంటున్నారు కదా, సరిపోతుంది" అన్నాడు.

"రెండేళ్ళ వంతు పోయింది సార్" అన్నాను.

"మనల్ని ఎవరూ అడగలేదుగా."

రుజువు ఉంది. ఎవరు ఏ సోమవారం నొక్కారో సర్వరు రాసుకునే చిట్టా, లాగ్‌లో నిమిషంతో సహా ఉంది. కాని అరవై రోజులు దాటిన లాగ్ దానంతటదే చెరిగిపోతుంది. ఈ శుక్రవారం సాయంత్రం జనవరి ఇరవై నాటిది పోతుంది. తర్వాత సోమవారాలవీ వరసగా పోతాయి. మొదటి మూడూ పోతే ఎవరికీ రుజువుండదు. మేనేజరు ఎదురుచూస్తున్నది అందుకే.

లాగ్ మొత్తం తీసి లిస్టు ఆఫీసుకి ఇస్తే నలభై ముగ్గురికీ పాత స్థానాలు వస్తాయి. నా ఉద్యోగం పోతుంది, అది పోనీ. అడగాల్సింది వేరే ఉంది. ఇప్పుడు ఆ గ్రూపులో మొదటి పేరు బావది. లాగ్ ఇస్తే దర్జీగారు మొదటికి వస్తారు, మూడో అంతస్తు లెక్కల టీచరు రెండోది. బావ మూడో స్థానానికి వెళ్తారు.

డాక్టరమ్మ చెప్పిన రెండు మూడు నెలల మాట నాకు చెవిలో మోగుతోంది. నీకు చెప్పకుండా చెయ్యలేను. శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతాను.

నన్ను ఏమన్నా అను. అనకుండా మాత్రం ఉండకు.

పొట్టి

*

ఆసుపత్రి, మెట్ల కింద
మార్చి 19, బుధవారం

ఇవ్వకు.

ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్నాను. ఫోను చేతిలో ఉంది, మూడుసార్లు నీ నంబరు నొక్కి ఆపేశాను. బల్ల మీద నా పక్కనే దర్జీగారి భార్య కూర్చుని ఉంది. ఆవిడ వింటూ ఉండగా ఈ మాట నోటితో అనలేను. అందుకే మెట్ల కిందకి వచ్చాను. ఇక్కడా నీ నంబరు నొక్కి ఆపేసి, కాగితం తీశాను.

మీ బావకి ఈ పూట గొట్టం మళ్ళీ మూసుకుపోయింది. తొడ దగ్గర పెట్టారు. ఇదే ఆఖరి చోటు కావచ్చన్నారు. పళ్ళు బిగించి నా చెయ్యి పట్టుకున్నారు, వేళ్ళు ఇంకా నొప్పిగానే ఉన్నాయి. అక్షరాలు వంకరపోతే అందుకే.

మూడో స్థానమా? మూడో స్థానంలో ఉన్నవాళ్ళు ఏమవుతారో నేను రోజూ చూస్తున్నానురా. దర్జీగారు నడిచి వస్తారు, నడిచి వెళ్తారు. ఆ టీచరుకి ఇద్దరు అన్నదమ్ములున్నారు. మీ బావకి ఎవరున్నారు? నేనున్నాను, పనికిరాని కిడ్నీలు రెండు పెట్టుకుని. నువ్వున్నావు, నువ్వు ఏం చేశావో చేశావు.

డ్రైవరుగారి నంబరు నా వేలితోనే నొక్కాను. ఏడు సోమవారాలు. నొక్కిన ప్రతిసారీ "అయిపోయిందండీ, మీది వెళ్ళిపోయింది" అని చెప్పాను. ఆయన చేతులు జోడించేవారు. ఇది నువ్వు నాకు అంటించావు. ఎన్ని నీళ్ళు పోసి కడిగితే పోతుంది?

తప్పు చేశావు కదా. ఆ తప్పులోంచి ఒక్క మంచి దొరికింది మనకి, మీ బావ పేరు మొదట ఉంది. అది కూడా తీసుకుపోయి ఇచ్చేస్తానంటావా, నీ మనసు తేలికపడ్డానికి? నీ మనసు బరువుగానే ఉండనీ. శుక్రవారం దాటనీ. ఎవరూ అడగలేదని మీ మేనేజరు అన్నాడుగా. అడగలేదు, నిజమే.

ఇవ్వకు. నీకు దణ్ణం పెడతాను.

అక్క

*

ఆఫీసు బయట, మెట్ల మీద
మార్చి 21, శుక్రవారం

అక్కా,

నాలుగు గంటల దాకా చూశాను. నీ నుంచి ఉత్తరం రాలేదు, ఫోను రాలేదు. నేను చేస్తే నువ్వు ఎత్తలేదు. కోపంతో ఎత్తలేదో, బావ దగ్గర ఉండి ఎత్తలేదో తెలియలేదు.

లాగ్ ఇచ్చేశాను. ప్రింటు తీసి, నలభై మూడు పేర్ల పక్కన వాళ్ళు నొక్కిన తేదీలు రాసి, నేనే నడిచి వెళ్ళి లిస్టు ఆఫీసు పెద్దామె చేతిలో పెట్టాను. పైన ఒక కాగితం మీద, స్క్రిప్ట్ రాసింది నేనని, ఆ బొమ్మ ఒకసారి చూసి కూడా నొక్కేశానని రాసి సంతకం చేశాను. ఆమె మొత్తం చదివింది. "డ్రైవరు అని రాసిన ఈయన పేరు ఎదుట ఏం రాయమంటారు?" అని అడిగింది. ఆమే "వంతు దాటిపోయింది" అని రాసుకుంది.

తిరిగి వచ్చేసరికి నా బల్ల మీద సామాను ఒక అట్టపెట్టెలో సర్ది ఉంది. మేనేజరు ముఖం చాటేశాడు. ఆ పెట్టె పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను.

బావ ఇప్పుడు మూడో పేరు. అది నేనే చేశాను, రెండోసారి. వాళ్ళ ఇంటి అడ్రసు కనుక్కుని డ్రైవరుగారి భార్యకి కూడా ఒక ఉత్తరం వేశాను.

నువ్వు రాసేదాకా నేను రాను. రమ్మంటే ఉన్నపళంగా వస్తాను.

పొట్టి

*

ఆసుపత్రి, మొదటి అంతస్తు, కొత్త గది
మే 12, సోమవారం

పొట్టీ,

ఏడు వారాలు నీకు ఒక్క అక్షరం రాయలేదు. నువ్వు ఫోను చేసిన ప్రతిసారీ బావకిచ్చి బయటికి వెళ్ళిపోయాను. ఆయన నీతో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడుతుంటే వరండాలో నాకు ఒళ్ళు మండేది. కిడ్నీ వచ్చిన రోజు కూడా నీకు ఆయన చేతే చెప్పించాను. ఇవాళ పదకొండో రోజు. కాబట్టి నేను రాస్తున్నాను.

దర్జీగారికి ఏప్రిల్ తొమ్మిదిన పిలుపు వచ్చింది. ఆ ఫోను మోగినప్పుడు ఆయన భార్య పక్కన నేనే ఉన్నాను. ఆవిడ ఫోను నా చేతిలో పెడితే నేనే మాట్లాడాను, "వస్తున్నాం, ఇక్కడే ఉన్నాం" అని. లిఫ్టు దాకా చక్రాల కుర్చీ తోశాను. తలుపులు మూసుకున్నాక, ఆ కుర్చీలో ఉండాల్సింది ఎవరన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. టీచరుకి వాళ్ళ అన్నే ఇచ్చాడు, లిస్టు దాకా రాలేదు. ఆ మధ్య రెండు వారాలు మీ బావ మనిషిలో లేరు. చీము రక్తంలోకి పాకింది, మాట తడబడింది, ఒకరోజు నన్ను మా అత్తగారనుకున్నారు. లిస్టులో వంతు వచ్చేసరికి ఈయన ఉండరని డాక్టరమ్మ ముఖంలోనే చదివాను. ఎలాగో జ్వరం దిగింది. దిగిన ఐదో రోజున, మే ఒకటిన, ఫోను మోగింది.

కొత్త కిడ్నీ మొదటి రెండు రోజులు మొండికేసింది. మూడో రోజు సంచిలో అరచెయ్యంత పచ్చటి నీళ్ళు కనబడ్డాయి. నేనూ ఇద్దరు నర్సులూ మూత్రం సంచి చుట్టూ చేరి చూస్తుంటే, మీ బావ "చూడ్డానికి టిక్కెట్టు పెట్టండి" అన్నారు. ఆరు నెలల తర్వాత మనసారా నవ్వాను. కుట్లు పట్టుకుని ఆయనా నవ్వారు.

జరిగింది ఆయనకి అంతా చెప్పాను. ఆపరేషనుకి ముందు చెప్పలేదు, ఇప్పుడు చెప్పాను. "డ్రైవరుగారింటికి వెళ్ళావా?" అన్నారు. అంతే అడిగారు.

వెళ్ళాను. శనివారం. రెండు గదుల ఇల్లు, గుమ్మం పక్కన ఆయన యూనిఫాం ఇంకా కొక్కేనికే ఉంది. ఆవిడ నాకు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది. నేను నోరు తెరవబోతే ఆవిడే అంది, "లిస్టు ఆఫీసు వాళ్ళొచ్చి చెప్పారమ్మా. ఆయన వంతు వచ్చిందట కదా."

"వచ్చింది" అన్నాను.

"మీరు నొక్కినప్పుడు పక్కనే ఉన్నాను. మీకు తెలీదని నాకు తెలుసు. మీ మీద నాకేం లేదు." లేచి, అల్మారాలోంచి నీ ఉత్తరం తీసి నా ముందు పెట్టింది. విప్పలేదు. "ఇది మాత్రం పట్టుకెళ్ళండి. ఆ మనిషి మాట వినే ఓపిక నాకు లేదు" అంది.

తీసుకొచ్చాను. నా సంచిలో ఉంది. అది నీకు తిరిగి పంపాలో, నా దగ్గరే ఉంచాలో తెలియడం లేదు.

ఇంక ఒక్కటి అడగాలి, దానికోసమే ఈ ఉత్తరం. మార్చి పందొమ్మిదిన మెట్ల కింద నిలబడి నీకొకటి రాశాను. నువ్వు అప్పటికే ఇచ్చేశావు కాబట్టి అది నీకు చేరినా చేరకపోయినా ఒకటే అని సర్దిచెప్పుకుంటున్నాను. దర్జీగారు వారానికోసారి పరీక్షకొచ్చి, వెళ్తూ వెళ్తూ మా గదిలోకి తొంగిచూసి మీ బావని పలకరిస్తారు. ఆయన నవ్వినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టవుతుంది. నేను రాసిన మాట నెగ్గి ఉంటే ఆయన ఆ గుమ్మంలో ఉండేవారు కాదేమో. నిన్ను నోటికొచ్చినట్టు అన్నందుకు కాదురా. "ఇవ్వకు" అన్న ఆ ఒక్క మాటకి సిగ్గుపడుతున్నాను. చదవకపోతే చదవకుండానే చించెయ్. చదివి ఉంటే, చదివానని నాకు చెప్పకు.

అక్క

*

నా గది
మే 16, శుక్రవారం

అక్కా,

చెప్పకుండా ఉండలేను. అందనిది అందిందని, అందినది అందలేదని చెప్పడం ఇంక నావల్ల కాదు. నీ ఉత్తరం అందింది, చదివాను.

అది శనివారం పొద్దున వచ్చింది, లాగ్ ఇచ్చిన మర్నాడు. "నీకు దణ్ణం పెడతాను" దాకా రెండుసార్లు చదివి మడిచి దాచాను. నీ మీద కోపం రాలేదు. అప్పటి నుంచీ నన్ను తినేస్తున్నది ఒక్కటే. అది ఒకరోజు ముందు వచ్చి ఉంటే నేను ఏం చేసేవాణ్ణి? ఇచ్చేసేవాణ్ణే అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఒక్కసారి కూడా నమ్మలేకపోయాను. నీ మాట నేను ఎప్పుడు కాదన్నాను గనక. దర్జీగారు మీ గుమ్మంలో నవ్వుతున్నారంటే అది నా మంచితనం కాదు. పోస్టు ఒకరోజు ఆలస్యం కావడం. ఆ ఆలస్యం తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. నీకొక్కదానికే తెలిసినట్టు మొయ్యకు.

నీ ఉత్తరం చించలేదు. తెస్తాను. ఏం చెయ్యాలో నువ్వే చూసుకో.

నాకు ఇక్కడ ఒక బడిలో కంప్యూటరు గది చూసే పని దొరికింది. సోమవారాలు సెలవు అడిగి తీసుకున్నాను. మీ వరండాలో ఆ బల్ల మీద కూర్చుని, నొక్కించుకోవడానికి వచ్చేవాళ్ళ పక్కన ఉండి, ప్రశ్నల కిటికీ తెరుచుకుని, ఏడూ నింపి, వెళ్ళిందని కళ్ళారా చూసేదాకా లేవను. లిస్టు ఆఫీసు పెద్దామె సరేనంది. ఎన్నాళ్ళని అడిగింది. చెప్పలేనన్నాను.

ఆదివారం వస్తున్నాను. పది గంటలకి వచ్చి, ముందు బావని చూస్తాను. తర్వాత డ్రైవరుగారి ఇంటి దారి నాకు చెప్పు. నువ్వు తోడు రావద్దు. నా ఉత్తరం ఆవిడకి మళ్ళీ ఇవ్వను, క్షమించమనీ అడగను. వంతు ఎలా దాటిపోయిందో, ఎవరి చేతిలో దాటిపోయిందో, ఆవిడ వింటానంటే నా నోటితో చెబుతాను. వినకపోతే వచ్చేస్తాను. మరో ఆదివారం మళ్ళీ వెళ్తాను.

పొట్టి